కాపలా, చేయూత

అమరావతికి చేరువను కృష్ణ దక్షిణతీరముననున్న సీతానగరమునందును, బాపట్ల చీరాలల నడిమి స్టువర్టుపురమునందును, నాటి మద్రాసు ప్రభుత్వము సాల్వేషన్ ఆర్మీ అను క్రైస్తవ సంస్థ కప్పగించిన సెటిల్‌మెంట్లలో ఎరుకల తెగ కుటుంబములు జీవించుచుండెను. 1911 నాటి నేరస్థ తెగల చట్టమును బట్టి, ఒక్క నేరమైనను చేసియెరుగని వాడు సైతము తెగపేరు కారణముగా రిజిస్టరున కెక్కి, వ్రేలిముద్రలిచ్చి, నియమిత వేళలకు హాజరు పలుకవలసివచ్చెడిది. ఇంతటి కాపలా సాధించినదేమి? 1952లో నేరస్థ తెగల చట్టము దేశమంతట రద్దయిన పిమ్మటను, స్టువర్టుపురమనగానే దొంగతనమే స్ఫురించు దురవస్థ మిగిలెను.

1970లలో జాషువా మహాకవి కుమార్తె, వినుకొండలో జన్మించిన హేమలతా లవణం భర్త లవణంగారితో గూడ ఆ యూరి గడపలు త్రొక్కిరి. నేరము మానుమని బోధించుటతో నిలువక, మానినవాని బ్రదుకుతెరువును, బిడ్డల చదువును తమ పూచీగా నెత్తికెత్తుకొనిరి. పరిశోధకులు పిదప లెక్కలతో నిరూపించిన దానిని ఈ దంపతులు హృదయముతో ముందే గ్రహించిరని నా నమ్మకము.

ఆ లెక్కలలో ముఖ్యమైనవి 1993లో వెలువడిన పీటర్సీలియా, టర్నర్‌ల పరిశోధనలోనివి. అమెరికాలో 14 చోట్ల శిక్షితులను చీటీలు వేసినట్లుగా రెండు వర్గములు చేసి, ఒక వర్గముపై నిఘాను ముమ్మరము చేయగా, మరల అరెస్టగుట తగ్గలేదు. షరతులు తప్పినవారు మాత్రము హెచ్చుగా పట్టువడి జైళ్లకేగిరి. నిఘాతోపాటు వ్యసనచికిత్సయు, ఉపాధియు దక్కినవారియందే మేలు కానవచ్చెను. మరల నేరము చేయు అవకాశము తక్కువగల వానిని అతిగా కనిపెట్టుట హానికరమని ఆండ్రూస్, బోంటా అను పరిశోధకులు చూపిరి.

దోషిని జైలుకు పంపక షరతులపై విడుచు మన 1958 నాటి ప్రొబేషన్ చట్టము ఈ వివేకమునకు దూరము కాదు. దాని 14వ సెక్షను పర్యవేక్షణమును, అవసరమైనచో తగిన ఉపాధి చూపుటకు యత్నించుటను ఒక్క ఉపవాక్యమునందే ప్రొబేషన్ అధికారికి విధించుచున్నది. మిరపకోతల దినములలో ప్రొబేషన్ అధికారి యెదుట హాజరు నిమిత్తము కూలి పోగొట్టుకొను మనిషికి ఆ హాజరే అప్పునకు, అప్పే పాత దారికి త్రోవ కావచ్చును. అట్టివానికి కోతలేని దినమును చూచి హాజరు వేయుట అధికారి చేతిలోని పని.

తక్కినది మన చేతిలోనిది. గుంటూరు మిరపయార్డు వర్తకులారా, పత్తిమిల్లుల, శీతలగిడ్డంగుల యజమానులారా, ప్రొబేషన్‌పై విడుదలయై వచ్చినవానికి పని నిరాకరింపకుడు. దోషిగా తేలినందువలన కలుగు అనర్హత అట్టివాని కంటరాదని అదే చట్టపు 12వ సెక్షను చెప్పుచున్నది.