గిజిగాని గూళ్లు

తొలకరి కురిసి, కోరుట్ల పరిసరముల మక్కచేలు మోకాటి యెత్తు పెరిగి, వరినాట్లు సాగు వేళ, బావులపైకి వంగిన తుమ్మకొమ్మలకు వ్రేలాడు గిజిగాని గూళ్లే, జగిత్యాలనుండి సిరిసిల్ల వరకు సాగిన నా పక్షిసందర్శన యాత్రలో నన్ను మిక్కిలిసేపు నిలిపివేసినవి. మధ్యమానేరు ఒడ్డున ఱెక్కలారబెట్టుకొను నీటికాకులను చూచితిని గాని, మనసు మాత్రము బావిగట్టుననే నిలిచినది.

గూడల్లువాడు మగపక్షి. వరియాకు అంచును ముక్కుతో గాటుపెట్టి, పట్టుకొని యెగిరి, సన్నని పోచగా చీల్చి తెచ్చి, కొమ్మకు ముడివేసి, వలయమును, పిదప శిరస్త్రాణము వంటి సగము గూటిని అల్లి, ఱెక్కలాడించుచు ఆడుపక్షిని పిలుచును. ఆమె పరీక్షించి సమ్మతించినచో క్రిందికి దిగు గొట్టమును పూర్తిచేసి, వెంటనే వేఱొక గూటికి పూనుకొనును. ఈ బహుభార్యాత్వమును 1930లో కొంకణ తీరమందలి కిహిం గ్రామమున గమనించి విశదపఱచినవాడు పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ. ఇటీవల నేను చదివినది ఆ మహనీయుని ఆత్మకథయే. అది 1985లో వెలువడిన 'ది ఫాల్ ఆఫ్ ఎ స్పారో'. 1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వేక్షించినవాడును ఆయనయే. నాడు మన యీ ప్రాంతమంతయు ఆ సంస్థానములోనిదే గదా!

గూడు కట్టు నేర్పు గిజిగానికి మాత్రమే పరిమితము కాదు. మా పెరటి జామకొమ్మకు తేనెపిట్ట సాలెపురుగు దారములతోను బెరడు పెచ్చులతోను చిన్న సంచివంటి గూడు కట్టినది. ప్రక్కద్వారముపై బుల్లి చూరుకూడ కలదు.

అలంకారమునకై గిజిగాని గూళ్లను కోసికొనిపోవువారిని చూచి నా మనసు కలతచెందినది. వానాకాలమున ఆ గూళ్లలో పిల్లలుండును.