మెదడు వ్యాధుల పరిశోధన - నిధుల స్వభావం: ఏఎల్‌ఎస్ ఉదాహరణగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మెదడు, నాడీవ్యవస్థలకు సంబంధించిన వ్యాధుల పరిశోధనకు ఎంత ధనం కావాలన్న ప్రశ్నతో పాటు, ఎటువంటి ధనం కావాలన్న ప్రశ్న కూడా ముఖ్యమైనదే. 2014 నాటి మంచునీటి బకెట్ ఉద్యమం ద్వారా ఏఎల్‌ఎస్ వ్యాధికి సమకూరిన విరాళాలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నాడీవ్యాధులు, ఏఎల్‌ఎస్, విరాళాలు, పరిశోధన నిధులు, దీర్ఘకాల అధ్యయనం.

1. ఉపోద్ఘాతం

ఎమయోట్రోఫిక్ లేటరల్ స్క్లీరోసిస్ అనే వ్యాధిని క్లుప్తంగా ఏఎల్‌ఎస్ అంటారు. మెదడులోను, వెన్నుపాములోను ఉండి కండరాల కదలికలను నియంత్రించే నాడీకణాలు ఈ వ్యాధిలో క్రమంగా నశిస్తాయి. కాళ్ళు, చేతులు, మాట, మింగే శక్తి ఒక్కొక్కటిగా సన్నగిల్లి, చివరకు శ్వాసకు తోడ్పడే కండరాలు కూడా పనిచేయడం మానేస్తాయి. లక్షణాలు మొదలైన తరువాత ఎక్కువమంది జీవించేది రెండు నుంచి ఐదు సంవత్సరాలు మాత్రమే. స్టీఫెన్ హాకింగ్ ఐదు దశాబ్దాలకు పైగా జీవించడం అరుదైన మినహాయింపు. రోగికి మిగిలిన కాలం ఇంత స్వల్పం కాగా, పరిశోధనకు పట్టే కాలం దశాబ్దాలు. నిధుల సమస్యను ఈ రెండు కాలాల మధ్య ఉన్న అంతరం నుంచే అర్థం చేసుకోవాలి.

2. మెదడు పరిశోధనలోని ప్రత్యేక ఇబ్బందులు

చర్మం, కాలేయం వంటి అవయవాల నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు. జీవించి ఉన్న మనిషి మెదడు నుంచి కణజాలం తీయడం అరుదైన సందర్భాలలోనే వీలవుతుంది. అందువల్లనే మరణానంతరం దానం చేసిన మెదళ్ళను భద్రపరిచే బ్రెయిన్ బ్యాంకులు అవసరమయ్యాయి. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో అటువంటి కేంద్రం ఉంది. రక్తనాళాలకు, మెదడు కణజాలానికి మధ్య ఉండే రక్షణ వ్యవస్థ చాలా మందులను లోపలికి పోనివ్వదు. పైగా లక్షణాలు బయటపడేనాటికే ఎన్నో నాడీకణాలు నశించి ఉంటాయి. కాబట్టి ఒక ఔషధం పనిచేసిందో లేదో తేల్చడానికి ఎక్కువమందిని ఎక్కువకాలం గమనించవలసి వస్తుంది. దీనివల్ల వ్యయం పెరుగుతుంది, వైఫల్యానికి అవకాశమూ పెరుగుతుంది.

3. మంచునీటి బకెట్ విరాళాలు

2014 వేసవిలో అమెరికాలో ఒక సవాలు సామాజిక మాధ్యమాల ద్వారా వ్యాపించింది. నెత్తిన మంచునీళ్ళు కుమ్మరించుకోవాలి, లేదా విరాళమివ్వాలి, మరికొందరిని అదే పనికి పిలవాలి. ఏఎల్‌ఎస్ బాధితులైన పీట్ ఫ్రేట్స్, పాట్ క్విన్‌లు దీనిని తమ వ్యాధితో ముడిపెట్టి విస్తృత ప్రచారంలోకి తెచ్చారు. ఎనిమిది వారాలలో అక్కడి ఏఎల్‌ఎస్ అసోసియేషన్‌కు 11.5 కోట్ల డాలర్లు అందాయి. అందులో సుమారు మూడింట రెండు వంతులు, అంటే 7.7 కోట్ల డాలర్లు, పరిశోధనకు కేటాయించారు. మిగిలిన దానిలో ప్రధాన భాగం రోగుల సేవలకు వెళ్ళింది.

ఫలితాలు లేకపోలేదు. ఈ నిధుల తోడ్పాటుతో 11 దేశాలకు చెందిన 80 మందికి పైగా పరిశోధకులు కలిసి పనిచేసి, ఎన్‌ఈకే1 అనే జన్యువుకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నదని 2016లో ప్రకటించారు. అయితే మరుసటి సంవత్సరం ఉద్యమాన్ని పునరావృతం చేయబూనినప్పుడు విరాళాలు మొదటిసారితో పోల్చదగిన స్థాయిలో రాలేదు. ప్రజల ఉత్సాహం వేగంగా ధనాన్ని తెస్తుంది గాని, దాని కొనసాగింపుకు హామీ ఇవ్వదు.

4. రెండు ఔషధాలు - రెండు పాఠాలు

ఎస్‌ఓడీ1 జన్యులోపానికి, ఏఎల్‌ఎస్‌కు గల సంబంధం 1993లో వెల్లడైంది. ఆ లోపాన్ని లక్ష్యంగా చేసుకున్న టోఫెర్సెన్ అనే ఔషధానికి అమెరికాలో షరతులతో ఆమోదం లభించింది 2023లో. ఈ ముప్ఫై ఏళ్ళ కృషి ఉపయోగపడేది మొత్తం రోగులలో సుమారు 2 శాతం మందికి.

మంచునీటి విరాళాలలో కొంత భాగం అందుకున్న మరొక ఔషధం రెలివ్రియో. దీనికి 2022లో ఆమోదం లభించింది. తరువాత 664 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనిపించకపోవడంతో 2024లో తయారీదారులే దీనిని మార్కెట్టు నుంచి ఉపసంహరించారు. దాతల దృష్టిలో ఇది నష్టంగా కనిపించవచ్చు. కాని పనిచేయని మందును పనిచేయనిదిగా నిరూపించడం కూడా పరిశోధన ఫలితమే. ఈ సంగతిని అంగీకరించలేని ధనం మెదడు పరిశోధనలో ఎక్కువకాలం నిలవదు.

ఫ్రేట్స్ 2019లోను, క్విన్ 2020లోను మరణించారు. పై రెండు ఔషధాల ఆమోదాన్నీ వారు చూడలేదు.

5. హైదరాబాదులో బియ్యం బకెట్

మంచునీటి సవాలు భారతదేశానికి చేరిన 2014 ఆగస్టులోనే, హైదరాబాదుకు చెందిన పాత్రికేయురాలు మంజులత కళానిధి బియ్యం బకెట్ సవాలును ప్రారంభించారు. నీళ్ళు ఒలకబోయడానికి బదులు ఒక బకెట్ బియ్యం అవసరమున్నవారికి ఇవ్వాలన్నది దాని సారాంశం. ఈ మార్పులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ఆకలి ఉన్న సమాజంలో, ఎప్పటికో గాని ఫలించని పరిశోధనకు ధనం ఎందుకివ్వాలి?

బియ్యం ఇచ్చిన ఫలితం ఆ పూటే కంటికి కనిపిస్తుంది. పరిశోధన ఫలితం ఇచ్చినవారి జీవితకాలంలో కనిపించకపోవచ్చు. కనుక పరిశోధన భారాన్ని తక్షణ ఫలితం కోరే వితరణపైనే మోపడం తగదు. అది ప్రధానంగా ప్రభుత్వ నిధులు, దీర్ఘకాల ఒప్పందంతో వచ్చే వితరణల బాధ్యత అవుతుంది.

6. భారతీయ సందర్భం

2020-21లో పరిశోధన, అభివృద్ధులపై భారతదేశం చేసిన వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. ఇది అన్ని శాస్త్రాలకూ కలిపి చెప్పే లెక్క. ఈ పరిమితిలో గమనించదగిన ప్రయత్నం బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం. దీని స్థాపనకు ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకులలో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ 225 కోట్ల రూపాయలను సంవత్సరాల తరబడి అందించే పద్ధతిలో ప్రకటించారు. తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్న కోలారు జిల్లా శ్రీనివాసపుర ప్రాంతంలో ఈ కేంద్రం 45 ఏళ్ళు, ఆ పైబడిన గ్రామీణుల మెదడు ఆరోగ్యాన్ని దీర్ఘకాలంగా పరిశీలిస్తున్నది. మతిమరుపు వ్యాధులు బయటపడకముందే వాటి జాడను పట్టుకోవడం దీని లక్ష్యాలలో ఒకటి. అటువంటి అధ్యయనం మధ్యలో ఆగిపోతే అంతవరకు సేకరించిన సమాచారం విలువ చాలావరకు తగ్గిపోతుంది.

7. ముగింపు

మెదడు పరిశోధనకు ధనరాశితో పాటు వ్యవధి, వైఫల్యాన్ని భరించే ఓర్పు గల నిధులు కావాలి. ప్రజల విరాళాలు ప్రచారానికి, కొత్త ఆలోచనల తొలి పరీక్షకు, రోగుల తక్షణ సేవకు ఎంతో ఉపకరిస్తాయి. వాటి వెనుక స్థిరమైన ప్రభుత్వ వ్యయం ఉన్నప్పుడే ఆ ఆలోచనలు ఔషధాలుగా మారగలవు. నేటి రోగికి సేవ, రేపటి రోగికి పరిశోధన అనే రెండు బాధ్యతలకూ విడివిడిగా కేటాయింపులు ఉండాలి. ఒకదాని పేరుతో మరొకదానిని తగ్గించడం సమంజసం కాదు.