ఉప్పుగాలికి చెక్!

1985లో వచ్చిన హీరోహోండా సీడీ100 ఇంకా మీ ఇంట్లో ఉందా? నెల్లూరు జిల్లా మైపాడు, కృష్ణపట్నం తీరంలో దానికి అసలు శత్రువు వయసు కాదు, ఉప్పుగాలి! ఉప్పు గాల్లోని తేమను లాగి పట్టుకుంటుంది. అందుకే ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

సముద్రానికి వెళ్లొచ్చారా? ఇంజిన్ చల్లారాక మంచినీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడవండి. చెయిన్ కవరు విప్పి, డీజిల్లో తడిపిన బ్రష్‌తో మురికి వదిలించండి. ఆరాక గేర్ ఆయిల్ పట్టించండి. ఇంజిన్ ఆపే చేయాలి సుమా, లేదంటే వేళ్లు నలుగుతాయి!

బ్రేకు డ్రమ్ములోకి చుక్క నూనె పోయినా బ్రేకు పట్టదు. బ్రేకు కేబుల్లో పోగు తెగితే సరిపెట్టుకోకండి, వెంటనే మార్చండి.

ఆదివారం అరగంట కేటాయిస్తే చాలు. నాన్న బండి మరికొన్నేళ్లు మీ మాట వింటుంది!