నివేదిక పంపని గవర్నర్

సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగినవాళ్లకు సిక్కు తలపాగా కొత్త కాదు. కంటోన్మెంటు పల్టన్లను నమ్ముకుని వెలిసిన బజారు అది. దేశంలోని అన్ని ప్రాంతాల సిపాయిలూ ఆ చుట్టుపక్కల తిరిగినవాళ్లే. హైదరాబాద్‌లో సిక్కులు స్థిరపడటం కూడా ఫౌజుతోనే మొదలైంది. నిజాం దగ్గర పేష్కారుగా ఉన్న చందూలాల్ కోరిక మీద మహారాజా రంజిత్ సింగ్ లాహోరు నుంచి పంపిన దళం 1832లో ఇక్కడికి చేరింది. వాళ్ల వారసులు దక్కనీ సిక్కులుగా ఇక్కడివాళ్లే అయిపోయారు. అయితే ఆ బజారు నుంచి బేగంపేట మీదుగా కొద్దిసేపట్లో చేరుకునే సోమాజిగూడ రాజ్‌భవన్‌లో దాదాపు రెండేళ్లు ఒక సిక్కు గవర్నర్ ఉన్నారన్న సంగతి ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. ఆయన పేరు సుర్జీత్ సింగ్ బర్నాలా. గవర్నర్ పదవి ఏమిటో, అందులో కూర్చున్న మనిషి ఏం చేయగలడో, ఏం చేయకుండా ఉండగలడో తెలుసుకోవాలంటే ఆయన జీవితం చదవాలి.

గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఆచరణలో ఎంపిక కేంద్ర ప్రభుత్వానిదే, తీసేసే అధికారమూ దానిదే. మామూలు రోజుల్లో ఆయన మంత్రివర్గం సలహా ప్రకారం నడుచుకుంటారు. చిక్కంతా మామూలు కాని రోజుల్లో వస్తుంది. అది తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1984 ఆగస్టులో గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ఎన్టీ రామారావును గవర్నర్ రామ్‌లాల్ గద్దె దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఊళ్లు భగ్గుమన్నాయి. నెల తిరక్కుండానే గవర్నర్ మారారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ ఏడాదే జూన్‌లో పంజాబ్‌లో స్వర్ణ మందిరంలోకి సైన్యం వెళ్లింది. అక్టోబర్‌లో ఇందిరాగాంధీ హత్య, ఆ వెంటనే ఢిల్లీలో సిక్కుల ఊచకోత. ఆ గాయాల మధ్యే 1985 జులైలో రాజీవ్ గాంధీ, అకాలీ నాయకుడు సంత్ లొంగోవాల్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. నెల తిరగకముందే లొంగోవాల్‌ను తీవ్రవాదులు చంపేశారు. సెప్టెంబర్‌లో పంజాబ్ అసెంబ్లీ ఎన్నికల్లో అకాలీదళ్ 117 స్థానాలకు 73 గెలిచింది. ముఖ్యమంత్రి పదవి బర్నాలాకు వచ్చింది. 1925లో పుట్టి, లక్నోలో లా చదివి, మొరార్జీ దేశాయ్ ప్రభుత్వంలో వ్యవసాయ మంత్రిగా పనిచేసిన నెమ్మదస్తుడు ఆయన.

ఆ నెమ్మదితనానికి పంజాబ్‌లో చోటు దొరకలేదు. ఒప్పందం ప్రకారం 1986 జనవరి 26న పంజాబ్‌కు దక్కాల్సిన చండీగఢ్ దక్కలేదు. ఏప్రిల్ నెలాఖరులో తీవ్రవాదులు స్వర్ణ మందిరం ఆవరణ నుంచే ఖలిస్తాన్ ప్రకటన చేశారు. మర్నాడు బర్నాలా అక్కడికి పోలీసులను, కమాండోలను పంపారు. ప్రకాశ్ సింగ్ బాదల్ వర్గం విడిపోయింది. 27 మంది ఎమ్మెల్యేలు వెళ్లిపోయారు.

తర్వాత జరిగింది తెలుగు పాఠకుడికి వింతగా తోచవచ్చు. సిక్కుల అత్యున్నత ధర్మపీఠం అకాల్ తఖ్త్, మందిరంలోకి పోలీసులను పంపినందుకు ముఖ్యమంత్రికే శిక్ష వేసింది. గురుద్వారాకు వచ్చే భక్తుల చెప్పులు తుడవాలి. ఆయన తుడిచారు. గురుద్వారాకు వెళ్లినవాళ్లకు తెలిసే ఉంటుంది, గుమ్మం దగ్గర చెప్పులు తీసుకుని టోకెన్ ఇచ్చే చోటు ఒకటుంటుంది. దాన్ని జోడా ఘర్ అంటారు. అక్కడ కూర్చుని దుమ్ము దులిపేవాళ్లలో పెద్ద వ్యాపారులూ, అధికారులూ ఉంటారు. వాళ్లకది శిక్ష కాదు, సేవ. అహం అణచుకోవడానికి వాళ్లు వెతుక్కుని చేసే పని. తప్పు చేశాడనుకున్న మనిషికి అదే పనిని ప్రాయశ్చిత్తంగా ఇస్తారు. ఆ మీదట అకాలీ వర్గాల తగాదాలో బర్నాలాను వెలి వేశారు. 1988 డిసెంబర్‌లో ఆయన మెడలో పలక వేసుకుని మళ్లీ ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. అధికారంలో ఉన్నవాడు తన ప్రభుత్వం చేసిన పనికి తానే వంగి జవాబు చెప్పడం మన రాజకీయాల్లో నేను మరెక్కడా చూడలేదు.

ఈలోగా 1987లో కేంద్రం ఆయన ప్రభుత్వాన్ని రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టింది. ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఆయనకు స్వయంగా తెలుసు.

1990లో బర్నాలా తమిళనాడు గవర్నర్ అయ్యారు. ముఖ్యమంత్రి కరుణానిధి. ఢిల్లీలో చంద్రశేఖర్ ప్రభుత్వం కాంగ్రెస్ మద్దతుతో నిలబడి ఉంది. శ్రీలంక తమిళ తీవ్రవాద సంస్థ ఎల్‌టీటీఈని డీఎంకే ఉపేక్షిస్తోందంటూ కరుణానిధి ప్రభుత్వాన్ని తీసేయాలని కాంగ్రెస్, జయలలిత పట్టుబట్టారు. రాజ్యాంగం 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన పెట్టాలంటే, రాష్ట్రంలో పాలన రాజ్యాంగబద్ధంగా సాగడం లేదని గవర్నర్ నివేదిక ఇవ్వడం ఆనవాయితీ. బర్నాలా ఆ నివేదిక పంపలేదు. అయితే ఆ అధికరణలోనే మరో దారి ఉంది. గవర్నర్ నివేదిక లేకపోయినా, ఇంకే విధంగానైనా రాష్ట్రపతికి నమ్మకం కుదిరితే చాలు. 1991 జనవరి 30న ఆ దారిలోనే కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారు. బర్నాలాను బిహార్‌కు బదిలీ చేశారు. ఆయన వెళ్లలేదు, రాజీనామా చేశారు.

నివేదిక పంపకపోవడం వల్ల ప్రభుత్వం నిలబడలేదు కదా, మరి ఒరిగిందేమిటి అని అడగవచ్చు. ఒరిగింది. రద్దు నిర్ణయం పూర్తిగా ఢిల్లీదేనని దేశానికి తెలిసింది. గవర్నర్ సంతకం చాటున దాక్కునే వీలు లేకుండా పోయింది. మూడేళ్ల తర్వాత, 1994 మార్చిలో, ఎస్.ఆర్. బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఇలాంటి రద్దులను కోర్టులు పరిశీలించవచ్చనీ, మెజారిటీ తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, శాసనసభలోనేననీ చెప్పింది. బర్నాలా చేసినదానికి భిన్నమైన ఉదాహరణ కూడా ఒక సిక్కు గవర్నర్‌దే. బిహార్‌లో బూటా సింగ్ సిఫార్సు మీద 2005లో అసెంబ్లీని రద్దు చేస్తే, అది రాజ్యాంగ విరుద్ధమని 2006 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన పదవి వదులుకున్నారు.

1997లో బర్నాలా ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. గెలిచిన కృష్ణకాంత్ అప్పటిదాకా మన గవర్నరే. పోలైన ఓట్లలో ఆయనకు 441, బర్నాలాకు 273. ఆరేళ్లు తిరక్కుండా, ఉత్తరాంచల్ మొదటి గవర్నర్‌గా చేసి, 2003 జనవరిలో బర్నాలా అదే హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు. ఆ ఏడాది అక్టోబర్‌లో అలిపిరిలో చంద్రబాబు నాయుడి మీద మందుపాతర దాడి జరిగింది. నవంబర్‌లో మంత్రివర్గం సలహా మేరకు అసెంబ్లీ రద్దయింది. 2004 మే 14న ఎల్‌బీ స్టేడియంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేత బర్నాలా ప్రమాణం చేయించారు. ఈ రెండేళ్లలో రాజ్‌భవన్ పతాక శీర్షికలకు ఎక్కలేదు. ఎన్నికైన ప్రభుత్వం నడుస్తున్నప్పుడు గవర్నర్ అలాగే ఉండాలి. ఆయన మనకు గుర్తు లేకపోవడానికి అదే కారణమైతే, ఆయన పని సరిగ్గా చేసినట్టే లెక్క.

2004 నవంబర్‌లో మళ్లీ చెన్నై. ఈసారి 2011 ఆగస్టు దాకా ఉన్నారు. ఆయన తర్వాత ఆ పదవిలోకి వెళ్లింది మన కొణిజేటి రోశయ్య. ఆయన ఉన్న ఆ కాలంలో రెండుసార్లు ప్రభుత్వాలు మారాయి. 2006 మేలో కరుణానిధి చేత, 2011 మేలో జయలలిత చేత, అంటే 1991లో ప్రభుత్వం రద్దయిన ముఖ్యమంత్రి చేత, ఆ రద్దు కోరిన నాయకురాలి చేత, బర్నాలాయే ప్రమాణం చేయించారు.