నోబెల్ కొట్టారు... మళ్లీ క్లాస్‌రూమ్‌కే వచ్చారు!

వయొలిన్‌లో శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది? ‘తీగల నుంచే కదా’ అనేస్తాం. కానీ సన్నటి తీగ కదిలించే గాలి చాలా తక్కువ. మనకు వినిపించేదంతా దాదాపుగా దాని చెక్క పెట్టె చలవే. అమెరికా భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ ఓసారి క్లాసులో ఇదే పాఠం చెప్పారు. వయొలిన్ తెచ్చి మరీ చూపించారు. పావుగంట తర్వాత అదే ప్రశ్న అడిగితే... సరైన జవాబు చెప్పింది 10 శాతం మందే!

ఆయనేమీ ఆషామాషీ మాస్టారు కాదు. 1995లో ఎరిక్ కార్నెల్‌తో కలిసి రుబీడియం పరమాణువుల్ని పరమ శూన్య ఉష్ణోగ్రతకు దాదాపు ఆనుకునేంతగా చల్లబరిచి, బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అనే కొత్త పదార్థ స్థితిని సాధించారు. దానికే 2001లో నోబెల్. అంతటాయన చెప్పినా ఎక్కలేదంటే తప్పు పిల్లలదా, పద్ధతిదా?

చాలామంది ‘ఈకాలం పిల్లలింతే’ అని చేతులు దులిపేసుకుంటారు. వీమన్ మాత్రం దాన్ని కూడా ఫిజిక్స్ సమస్యలాగే చూశారు. అప్పటికే ఆయన్ని ఒక సందేహం తొలిచేస్తోంది. డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ల్యాబ్‌కొచ్చి తడబడేవారు. రెండు మూడేళ్లు అక్కడే కుస్తీ పడ్డాక వాళ్లే దిట్టలయ్యేవారు. మరి అన్నేళ్ల క్లాసులు ఏం నేర్పినట్టు?

2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం చేసిన ప్రయోగం 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక్కోదాంట్లో 270 మంది దాకా ఉన్న రెండు క్లాసులు, ఒకే పాఠం, ఒక వారం. ఒకచోట మంచి పేరున్న, అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్ లెక్చర్ ఇచ్చారు. రెండోచోట పెద్దగా అనుభవం లేనివాళ్లు. వీళ్లు లెక్చర్ దంచలేదు. ప్రశ్న వేసి, పక్కవాళ్లతో వాదించుకోమని, క్లిక్కర్ నొక్కించి, ఆ తర్వాతే వివరించారు. టెస్టు పెడితే మొదటి క్లాసు సగటు 41 శాతం, రెండోది 74! హాజరు కూడా పెరిగింది. అన్నట్టు, ఇది ఒక్క వారం సంగతే. అయినా ఆ తేడా మాత్రం చిన్నది కాదు.

తర్వాత వైట్‌హౌస్‌లో సైన్స్ విభాగం పదవి, ఆపైన స్టాన్‌ఫర్డ్.

నోబెల్ డబ్బులో కొంత పెట్టి 2002లో ఆయన మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు మీ ఫోన్లోనూ ఉచితంగా ఆడతాయి. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. సర్క్యూట్ సిమ్యులేషన్ తెరిచి, బ్యాటరీ రెండు కొనలకీ నేరుగా వైరు కలిపి చూడండి. మంటలొస్తాయి. భయపడకండి, తెర మీదే!