మిగిలిన మందు

తెలుగులో 'మందు' అన్నంత బరువైన చిన్నమాట మరొకటి లేదనిపిస్తుంది. జ్వరానికి వేసుకొనేది మందు. మిరపచేని మీద చల్లేది మందు. తుపాకిలో కూరేది మందు. సాయంకాలం కొందరు చాటుగా సేవించేదీ మందే. ప్రాణం నిలిపే దానికీ, ప్రాణం తీసే దానికీ ఒకే పేరు పెట్టిన మన పూర్వులు అమాయకులు కారు. రెంటికీ నడుమ నున్నది మోతాదు అనే సన్నని గీత మాత్రమే. ఆ గీత ఎంత సన్ననిదో తాడేపల్లిలో మా యింట జరిగిన ఒక సంగతి నాకు నేర్పింది. అది నా తప్పిదపు కథ కనుక దాచకుండా చెప్పుకోవలసి ఉన్నది.

మా అత్తగారు కాలుజారి పడి తుంటి ఎముక విరుగగా శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి పంపేటప్పుడు నొప్పికని ట్రమడాల్ బిళ్లలు ఇరవై వ్రాసి యిచ్చారు. నాలుగు రోజులకు బాధ ఉపశమించింది. ఇక పారాసిటమాల్‌తో సరిపెట్టవచ్చునన్నారు. ఎనిమిది వాడగా పన్నెండు మిగిలాయి. మిగిలిన వాటిని ఏమి చేయాలో ఎవరూ చెప్పలేదు; నేనూ అడుగలేదు. డబ్బిచ్చి కొన్నవాటిని పారవేయడానికి మనసొప్పక వంటింటి అలమరలో పంచదార డబ్బా ప్రక్కన పెట్టాను.

నెల తిరుగకముందే పొరుగింటి ఆమె వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయే మనిషి. "మాస్టారూ, పొద్దస్తమానం వంగి కూర్చుని మెడ లాగేస్తోందండీ. అమ్మగారికిచ్చిన బిళ్లలేమన్నా ఉంటే ఇప్పించండి" అన్నది. జాలిపడి రెండు బిళ్లలిచ్చాను. దానం చేశానన్న తృప్తి కూడా కలిగిందని ఒప్పుకొంటున్నాను. ఆమె ప్రతిరాత్రీ నిద్రమాత్ర వేసుకొంటుందని నే నెరుగను, అడుగనూ లేదు. రెండు బిళ్లలూ ఒక్కసారే మ్రింగి, పైన నిద్రమాత్ర వేసుకొని పడుకొన్నది. తెల్లవారి కొడుకు ఎంత పిలిచినా లేవలేదు. ఊపిరి ఆగి ఆగి వస్తున్నది. కనుపాపలు ఆవగింజలంత చిన్నవైనాయి. 108 బండి సకాలంలో వచ్చింది. ఆసుపత్రిలో విరుగుడు సూది వేసి, ఊపిరిని కనిపెట్టి చూచి, మూడవనాడు ఇంటికి పంపారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కావలసినది, త్రుటిలో తప్పింది.

వారం తరువాత ఆమె దోసెడు ఎండుమిరపకాయలు కొంగున కట్టుకొని తెచ్చి, "మీరు మంచికే ఇచ్చారు మాస్టారూ" అన్నది. తిట్టి ఉంటే నాకింత బాధ కలిగేది కాదు.

ఈ మందుల వంశచరిత్ర విద్యార్థులు తెలుసుకోదగినది. మన వంటింట్లో ఉండే గసగసాలు ఏ మొక్క గింజలో, ఆ మొక్క పచ్చికాయను గాటుపెట్టగా స్రవించే పాలే నల్లమందు. దీనికే అభిని అని పేరు. సంస్కృతంలో అహిఫేనం, అనగా పాము నురుగు. పేరులోనే హెచ్చరిక ఉన్నది. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో జర్మనీ దేశపు సెర్టర్నర్ దీనినుండి మార్ఫీనును వేరుచేసి, స్వప్నాధిదేవత మార్ఫియస్ పేరు మీదుగా దానికి నామకరణం చేశాడు. కోడీను కూడా నల్లమందులోనిదే. ట్రమడాల్, టపెంటడాల్, ఫెంటనిల్ కర్మాగారంలో పుట్టిన జ్ఞాతులు. ఇవన్నీ మెదడులో ఒకే తలుపు తట్టుతాయి. నొప్పి తెలియనీయవు; కాని ఊపిరిని నడిపే కేంద్రాన్ని కూడా జోకొడతాయి. మద్యమో, నిద్రమాత్రో తోడైతే ఆ జోల చిరనిద్ర కావచ్చును. ట్రమడాల్ మితిమీరితే మూర్ఛలు కూడా వస్తాయి. పెద్దలకు తగిన మోతాదు పసివారికి ప్రాణాంతకం కాగలదు.

అంతమాత్రాన వీనిని ద్వేషించడం న్యాయం కాదు. కోత గాయపు తొలినాళ్లలోనూ, కేన్సరు వేదనలోనూ ఇవి మానవునికి లభించిన గొప్ప వరాలు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు కాఠిన్యం వల్ల మార్ఫీను అందక ఎందరో రోగులు బాధపడినందుననే 2014లో ఆ చట్టాన్ని సవరించవలసి వచ్చింది. ట్రమడాల్‌ను 2018లో అదే చట్టం క్రిందకు తెచ్చారు. వైద్యుని చీటీ లేనిదే దానిని అమ్మరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' అనే పేర మందుల దుకాణాలను సోదా చేసినది ఇటువంటి మందుల అక్రమ విక్రయాన్ని అరికట్టడానికే. దుకాణానికి కట్టడి ఉన్నది, సరే. మన అలమరకు కట్టడి ఏది? అమెరికాలో ఈ మందులను దుర్వినియోగం చేసినవారిలో చాలమందికి అవి స్నేహితుల నుండో, బంధువుల నుండో దొరికినవేనని అక్కడి సర్వేలు చెబుతూ వచ్చాయి. అందుకే అక్కడ 2010 నుండి మిగిలిన మందులను తిరిగి సేకరించే దినాలను జరుపుతున్నారు.

గుంటూరు, ప్రకాశం సీమల వారికి ఈ పాఠం క్రొత్తది కాదు. 1987-88లో పంట పోయి, అప్పులు మిగిలిన పత్తిరైతులు కొందరు చేనికి తెచ్చిన మందునే త్రాగి అసువులు బాసిన దుఃఖం ఈ నేల మరువలేదు. చేతికందే చోట మందు ఉండడం ఒక గడియ నిస్పృహను తిరుగులేని నిర్ణయంగా మార్చివేయగలదు. పురుగుమందుకు తాళం వేయాలని ఎంతో వెల చెల్లించి నేర్చుకొన్నాము. నొప్పిబిళ్లకు కూడా అదే నీతి వర్తిస్తుంది.

దాచడంలో నాలుగు మాటలు గుర్తుంచుకొంటే చాలు. తాళం వేసే పెట్టెలో పెట్టాలి. వంటింట్లో, దిండు క్రింద, చేతిసంచిలో ఉంచరాదు. పేరూ, గడువుతేదీ కనబడే అసలు అట్టలోనే ఉంచాలి. వాడినవెన్ని, మిగిలినవెన్ని అని లెక్క వ్రాసుకోవాలి. ఎంత ఆప్తులైనా ఒకరికి వ్రాసినది మరొకరికి ఇవ్వరాదు.

ఇక పారవేయడం. గడువు తీరిన మందులను గృహాలలోని ప్రమాదకర వ్యర్థంగా పరిగణించి, తక్కిన చెత్తనుండి వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. తిరిగి తీసుకొనే ఏర్పాటున్నదా అని ఆసుపత్రినీ, మందుల దుకాణాన్నీ ముందుగా అడగాలి. కేరళలో 2025లో కోజికోడ్‌లో అటువంటి సేకరణను ప్రభుత్వమే ఆరంభించింది. ఏర్పాటు లేనిచోట ఏమి చేయాలి? అదే సంవత్సరం కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఒక మార్గదర్శక పత్రం వెలువరించింది. ట్రమడాల్, టపెంటడాల్, మార్ఫీను, ఫెంటనిల్ మొదలైన పదునేడు మందులను, మిగిలితే, మరుగుదొడ్డిలో వేసి నీరు వదలమన్నది. ఇంట ఉంటే ఒక్క బిళ్లే ప్రాణం తీయవచ్చు గనుక ఈ వెసులుబాటు. ఫెంటనిల్ పట్టీలలో వాడిన తరువాత కూడా మందు మిగిలి ఉంటుంది. జిగురువైపు లోపలికి మడిచి పారవేయాలి.

ఈ మినహాయింపు ఆ కొన్నిటికే సుమా! తక్కిన మందులను కాలువపాలు చేయరాదు. కృష్ణ ఒడ్డున ఉన్నవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. మనం నీటిలో వదిలినది మన కడవలోకే తిరిగి వస్తుంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు కళేబరాల ద్వారా చేరి, జటాయువు సంతతియైన రాబందులను దేశమంతటా తుడిచిపెట్టగా, 2006లో దాని పశువైద్య వినియోగాన్ని నిషేధించవలసి వచ్చింది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఒక తరగతి గంట దీనికి కేటాయించండి. బిళ్లలను ముట్టుకోకుండా, ఇంట్లో ఏ మందు ఎక్కడ ఉన్నదో పెద్దలచేత పట్టిక వ్రాయించి తెమ్మని పిల్లలకు చెప్పండి. ఈ మందులకు అలవాటుపడినవారు ఇంట ఉంటే దాచిపెట్టక 14446కు, మనసు క్రుంగినవారుంటే 14416కు ఫోను చేయవచ్చునని తెలియజెప్పండి. ఎవరైనా మత్తులో లేవకపోతే, ఊపిరి మందగిస్తే, తెల్లవారే దాకా ఆగక 108ని పిలవాలని నేర్పండి.

నా దగ్గర మిగిలిన పది బిళ్లలను ఆమె కొడుకు ఎదుటనే లెక్కపెట్టి మరుగుదొడ్డిలో వేసి నీరు వదిలాను. అతడు కళాశాలలో చదివే కుర్రవాడు. "ఇవి ఏమి చేయాలో ముందే ఎవరైనా చెబితే బాగుండేది గదండీ" అన్నాడు. ఆ మాటకు బదులుగానే ఈ వ్యాసం వ్రాశాను.