చేని గేటు వాలిపోతోందా? బందులు చూసుకోండి

సోమందేపల్లె చుట్టుపక్కల చేలల్లో కంప అడ్డం లాగే పద్ధతి పోయి, రైతులు సొంతంగా చేసుకున్న చెక్క గేట్లు కనబడుతున్నాయి. వేప, తుమ్మ కట్టెతో కొట్టిన ఈ గేట్లు మొదటి ఏడు బాగానే ఉంటాయి. తర్వాత రెక్క కొస నేలను రాసుకుంటుంది. ప్రతిసారీ ఎత్తి మూయలేక ఇంట్లోవాళ్లు తెరిచే వదిలేస్తారు. ఒక్క రాత్రి గొడ్లు పడితే చాలు, వేరుశనగ పోయినట్టే. మన గొడ్లే పక్క చేలో పడితే తగువు వేరే. బందెలదొడ్డి దాకా పోయిన రోజులు పెద్దలకు గుర్తే.

తప్పు చాలావరకు బందుల దగ్గరే ఉంటుంది. గేటు బరువుకు పై బందు కూసం నుంచి ఊడివచ్చేట్టు లాగుతుంది, కింది బందు కూసాన్ని నెడుతుంది. అందుకే ముందు ఊడేది పైదే. రెక్క వెడల్పు రెట్టింపు చేస్తే ఈ లాగుడు నాలుగింతలవుతుంది. ట్రాక్టరు పోవడానికి పదడుగుల దారి కావాలంటే ఒకే రెక్క వద్దు, అయిదేసి అడుగులవి రెండు చేసుకోవాలి. బందులు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత మేలు. నాలుగడుగుల ఎత్తు గేటుకు పైనుంచి ఆరంగుళాలు, కిందినుంచి ఆరంగుళాలు వదిలి, అడ్డపట్టెల మీదనే బిగించాలి.

ఇంటి తలుపుకు వేసే చిన్న బందులు గేటుకు పనికిరావు. నాలుగు రూపాయలు మిగిలినా అది దండగే. రెక్క వెడల్పులో మూడోవంతు పొడవున్న పట్టీ బందులు కొనాలి, లేదా కమ్మరితో చేయించుకోవాలి.

కట్టె బాగా ఆరాలి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. ఈ ఎండకు పచ్చికట్టె అడ్డంగా కుదించుకుపోయి బోల్టులు వదులవుతాయి.

బందును పట్టె మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకోవాలి. పట్టీ మందం ఎంతో అంతే లోతుకు ఉలితో చెక్కితే కట్టెకు సమంగా కూర్చుంటుంది. మరమేకు కన్నా సన్నని బెజ్జం ముందుగా వేయకపోతే తుమ్మ కట్టె పగులుతుంది. మరలకు సబ్బు రాస్తే సులువుగా దిగుతాయి. పై బందుకు మాత్రం మరమేకులు చాలవు. కట్టెకు ఆరపార బోల్టు వేసి, వెనక వాచరు పెట్టి నట్టు బిగించాలి.

రాతి కూసానికి బెజ్జం వేయించడం కష్టమైతే, రెండు ఇనుప పట్టీలు చెరోపక్క పెట్టి బోల్టులతో బిగించవచ్చు. కూసం కొంచెం ఒరిగి ఉన్నా ఫరవాలేదు, రెండు బందుల ఇరుసులు మాత్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. తూకం గుండు వేలాడదీసి చూసుకోండి. కొక్కెం బందులైతే గేటు తగిలించాక పై కొక్కేన్ని కిందికి తిప్పి బిగించాలి. లేకుంటే ఎద్దు కొమ్ములతో గేటునే ఎత్తేస్తుంది.

బందులు బాగున్నా మూలకట్టె తప్పుగా వేస్తే రెక్క వాలుతుంది. అది కింది బందు మూల నుంచి పైన తెరుచుకునే మూలకు పోవాలి. కట్టెకు బదులు తీగ కడితే దీనికి తిరకాసు: పై బందు నుంచి కింది కొసకు కట్టాలి.

బిగించేటప్పుడు కింద నాలుగంగుళాల ఎత్తున రాళ్లు పేర్చి గేటును వాటిపై నిలబెట్టాలి. అంతా అయ్యాక రెక్క సగం తెరిచి వదలండి. తనంతట తానే కదిలితే ఇరుసులు నిలువులో లేనట్టు. ఆ రోజే సరిచేయాలి. మొదటి వానల తర్వాత నట్లు మరోసారి బిగించి, ఇరుసులకు గ్రీజు పూయాలి.